దిగువ వీధికి ఇరవై అయిదు నిమిషాలు

మా ఊళ్లో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. జీతం కాగితం మీద తప్ప ఆ పేరు ఎక్కడా కనపడదు. చిన్నా పెద్దా అందరికీ ఆమె నీళ్లక్క. ఆమె కంటే ఇరవై ఏళ్లు పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలుస్తుంటే మొదట్లో చిరాకు పడేదట. తర్వాత అలవాటైపోయింది.

మాది కొండవాలు ఊరు. అన్నిటికంటే పైన నీళ్ల ట్యాంకు, దాని కింద హోటళ్లు, వాటి కింద నాలుగు రోడ్ల కూడలి, బజారు, చిట్టచివర మా దిగువ వీధి. రోడ్ల కింద పరిచిన గొట్టాలకు మొత్తం నలభై ఒక్క వాల్వులున్నాయి. వాటిని వేళకు తెరిచి, వేళకు మూయడం నీళ్లక్క ఉద్యోగం. భుజం మీద నాలుగడుగుల ఇనప రాడ్డు పెట్టుకుని తెల్లవారుతుండగా బయల్దేరేది. రోడ్డు మీద మూత పక్కకు లాగి, రాడ్డు గోతిలోకి దించి, వాల్వు తలకు తగిలించి తిప్పేది. పద్నాలుగు చుట్లు. గబగబా తిప్పితే గొట్టంలో ఇరుక్కున్న గాలి ఒక్కసారిగా తన్ని ఎక్కడో ఒకచోట అతుకు ఊడుతుంది. అందుకని రెండు చుట్లకోసారి ఆగి, చెవి ఒగ్గి వినేది. గొట్టం చప్పుడును బట్టి నీళ్లు ఏ మలుపు దాకా వచ్చాయో చెప్పగలిగేది.

అంతకుముందు ఆమె ఇంటింటికీ తిరిగి మీటర్లు చూసేది. పాత వాల్వు ఆపరేటర్ రిటైరైనప్పుడు ఆ పనికి ఎవరూ ముందుకు రాలేదు. పెందలాడే లేవాలి, ఎండా వానా చూడకుండా తిరగాలి, పైగా ఊరందరి నోళ్లలో పడాలి. నేను చేస్తానని ఆమె చెయ్యెత్తితే మునిసిపల్ ఇంజినీరు నవ్వాడట. ఆ నవ్వుకే ఒళ్లు మండి గట్టిగా పట్టుబట్టానని నాతో చెప్పింది. నేను ఆమె ఇంటికి రెండిళ్ల అవతల అద్దెకుంటాను, దిగువ వీధి బడిలో పంతుల్ని. ఆమె భర్త బజారులో గడియారాలు బాగుచేస్తాడు. నెమ్మదస్తుడు. ఒక్కగానొక్క కూతురికి పెళ్లయి, బజారుకు పైన అల్లుడి సొంత ఇంట్లో ఉంటోంది.

తొమ్మిదేళ్ల కిందట ఎవరో మా కొండ కొసన ఉన్న బండ మీద నిలబడి, కిందంతా పరుచుకున్న మబ్బుల్ని వీడియో తీసి ఫోన్లలో పెట్టారు. అంతే, జనం విరగబడ్డారు. అప్పటిదాకా వ్యాను నడుపుకునే అల్లుడు మేడ మీద రెండు గదులు వేసి టూరిస్టులకిచ్చాడు. అవి ఖాళీ ఉండకపోయేసరికి మరో అయిదు వేశాడు. ఏడింట్లో మూడింటికి స్నానపు తొట్లు పెట్టించాడు. ఆ రోజుల్లో నీళ్లక్క మురిసిపోయిన మాట వాస్తవం. రాడ్డు భుజాన వేసుకుని వెళుతూ వెళుతూ దారి తెలియనివాళ్లను పిలిచి మరీ బండ దగ్గరికి దారి చూపించేది. మా అల్లుడుగారి గదులున్నాయి, కిటికీలోంచే మబ్బులు కనిపిస్తాయని చెప్పేది.

ఊరు పెరిగింది కానీ ట్యాంకులోకి నీళ్లొచ్చే ఊట పెరగలేదు. కొండవాలు కాబట్టి కింది వాల్వు తెరిస్తే నీళ్లన్నీ కిందికే జారిపోతాయి, పైన హోటళ్ల సంపుల్లోకి వేగం రాదు. హోటళ్ల సంపులు నిండాలంటే దిగువ మూయాలి. పైగా హోటళ్లవాళ్లు గొట్టానికే మోటార్లు బిగించి లాగేసేవాళ్లు. ఒకప్పుడు మా వీధికి రోజూ రెండు గంటలు నీళ్లొచ్చేవి. మూడేళ్లకు అది గంట అయింది. తర్వాత రోజు విడిచి రోజు. చివరికి సీజన్‌లో మూడు రోజులకోసారి ఇరవై అయిదు నిమిషాలు. అందులో మొదటి అయిదు నిమిషాలు కుళాయి బుసకొట్టడానికే సరిపోయేది.

ఇంజినీరు ఆఫీసు ఎక్కడో పైన ఉంది. మునిసిపల్ చైర్మన్ కారులో తిరుగుతాడు. వీధిలో రాడ్డుతో కనపడేది నీళ్లక్క ఒక్కతే. కాబట్టి తిట్లన్నీ ఆమెకే. ఎదురింటి కుట్టుమిషను పెద్దమ్మ ఒకరోజు మొహం మీదే అనేసింది, "నీ ఇంట్లో డ్రమ్ములు నిండుగానే ఉంటాయిలేవే" అని. నిజానికి నీళ్లక్క ఇంటి కుళాయీ ఇదే గొట్టం మీద ఉంది. ఒకసారి భర్తకు జ్వరమొచ్చి దుప్పట్లు ఉతకాల్సి వస్తే మా ఇంటికొచ్చి అరబకెట్టు అడిగి పట్టుకెళ్లింది. ఆ సంగతి చెబితే వీధిలో ఒక్కరూ నమ్మలేదు. ఆ ఏడాదే మా వరసలో మూడు కుటుంబాలు ఇళ్లు లాడ్జివాళ్లకు అద్దెకిచ్చి కొండ దిగి వెళ్లిపోయాయి. వాళ్లలో రొట్టెలు కాల్చే ఆయన కూడా ఉన్నాడు. పిండి కలపడానికి నీళ్లు కొనుక్కునే ఊళ్లో ఉండి ఏం లాభం అన్నాడు వెళుతూ.

భర్త ఆమెను ఉద్యోగం మానెయ్యమన్నాడు. నేను మానేస్తే ఇంకొకడు వచ్చి తిప్పుతాడు, వాడికి ఇరవై అయిదు నిమిషాలు కూడా గుర్తుండవు అంది. ఆమె దగ్గర నోటు పుస్తకాలుండేవి. ఏ రోజు ఏ వాల్వు ఎన్నింటికి తెరిచిందో, ఎన్నింటికి మూసిందో రాసి పెట్టుకునేది. ఆఫీసువాళ్లు అడక్కపోయినా తొమ్మిదేళ్లుగా రాస్తూనే ఉంది.

అలా ఉండగా ఆ ఏడాది పది లక్షలవ టూరిస్టు ఊళ్లో అడుగుపెట్టబోతున్నాడని పెద్ద హడావుడి మొదలైంది. కూడలిలో అంకెలు మారే ఎలక్ట్రిక్ బోర్డు పెట్టారు. ఊరి మొగదల దగ్గర బస్సు దిగినవాళ్లనూ కారు దిగినవాళ్లనూ ఒక మిషను లెక్కపెడితే ఆ అంకె ఇక్కడ వెలిగేది. బోర్డు ముందు కొత్త ఫౌంటెన్ కట్టారు. ఆ టూరిస్టుకు స్వాగత సభ జరిగే రోజు పొద్దున్న ఇంజినీరు నీళ్లక్కకు ఫోన్ చేశాడు.

"ఇవాళ దిగువకు ఆపెయ్యి. కూడలికి వదులు. మధ్యాహ్నం దాకా ఫౌంటెన్ ఆగకూడదు."

"ఇవాళ వాళ్ల వంతు సార్. నిన్న కూడా లేవు వాళ్లకి. ఇది నాలుగో రోజు."

"ఒక్కపూటకు ఏం కాదమ్మా. పది లక్షల మంది వచ్చిన ఊరు, ఆ మాత్రం సర్దుకోలేరా?"

ఆమె సర్దుకుంది. దిగువ వాల్వు మూసి ఉంచి కూడలిది తెరిచింది. ఫౌంటెన్ నీళ్లను మళ్లీ మళ్లీ తిప్పే మోటారు ఇంకా రాలేదట. అందుకని పైకి ఎగిరిన నీళ్లు ఎగిరినట్టే పక్క కాలవలో పడి కొండ దిగిపోయాయి. పదిన్నరకు నేను మా బడిలో పిల్లల్ని వరసగా నిలబెట్టి ఇళ్లకు పంపించేశాను. మరుగుదొడ్లలో చుక్క లేదు. నూట నలభై మంది పిల్లలు ఆ కాలవ పక్కనుంచే ఇళ్లకు పోయారు.

సభలో చైర్మన్ పది లక్షలవ మనిషికి పూలగుత్తి ఇచ్చాడు. పాపం ఆయన బస్సు మారడానికి దిగిన మనిషి, బండ ఎక్కడుందో కూడా తెలియదు. మన ఊరు గెలిచింది అన్నాడు చైర్మన్. చప్పట్లు కొట్టినవాళ్లలో నీళ్లక్క అల్లుడు ముందు వరసలో ఉన్నాడు. ఆమె వెనకాల రాడ్డు పట్టుకుని నిలబడింది. ఆమె ఇంటికి వెళ్లేసరికి కుట్టుమిషను పెద్దమ్మ వాకిట్లో ఖాళీ బకెట్లు వరసగా బోర్లించి ఉన్నాయి. తను తిరిగొచ్చే దారిలో కనపడాలనే అలా పెట్టిందని నీళ్లక్కకు తెలుసు.  

నెల తర్వాత పెద్ద నగరం నుంచి ఒకావిడ వచ్చింది. మంచి టూరిస్టు ఊళ్లను ఎంపిక చేసి ఏదో అవార్డు ఇస్తారట, దాని కోసం నివేదిక రాయడానికి వచ్చింది. సుస్థిర పర్యాటకం అని ఆమె సంచి మీద అచ్చేసి ఉంది. ట్యాంకు చూడాలంటే ఇంజినీరు నీళ్లక్కను తోడు పంపించాడు. దారిలో నీళ్లక్క ఆ సుస్థిర అంటే ఏమిటని అడిగింది. ఇవాళ వచ్చినట్టే పాతికేళ్ల తర్వాత కూడా జనం రాగలగాలి, ఇక్కడివాళ్లు ఇక్కడే ఉండగలగాలి అని ఆవిడ ఓపిగ్గా చెప్పింది.

"ఆ రెండో ముక్క బాగుందమ్మా. అది పెద్దక్షరాలతో రాయండి," అంది నీళ్లక్క.

అక్కడితో ఆగలేదు. ఆవిడను తన ఇంటికి తీసుకొచ్చి నోటు పుస్తకాలన్నీ ముందు పెట్టింది. ఆవిడ రెండు గంటలు కూర్చుని ఒక్కొక్క పేజీకీ ఫోటో తీసుకుంది. ఏ ఊళ్లోనూ ఇలాంటి వివరం దొరకలేదని మెచ్చుకుంది. వెళ్లేముందు నీళ్లక్కను రాడ్డుతో నిలబెట్టి, నవ్వమని ఇంకో ఫోటో తీసింది. నివేదిక రావడానికి పట్టిన మూడు నెలలూ నీళ్లక్క నడకే మారిపోయింది. ఎవరు తిట్టినా, ఉండండి, నివేదిక రానివ్వండి అనేది.

నివేదిక వచ్చింది. నున్నటి కాగితం మీద ఇంగ్లీషులో అచ్చేసిన అందమైన పుస్తకం. ఊరికి అవార్డు కూడా వచ్చింది. అట్ట మీద నీళ్లక్కే ఉంది, రాడ్డు భుజాన వేసుకుని, నవ్వుతూ. కింద 'సుస్థిర పట్టణపు చిరునవ్వు' అని రాశారు. ఆమె ఆ పుస్తకాన్ని నా దగ్గరికి తెచ్చి, చదివి చెప్పండి మాస్టారూ, నిమిషాల సంగతి ఎక్కడ రాశారో అంది. మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు తిరగేశాను. మబ్బులున్నాయి, పది లక్షలున్నాయి, ఫౌంటెన్ ఉంది, హోటళ్లలో తువ్వాళ్లు రెండుసార్లు వాడమని పెట్టిన కార్డుల ఫోటో ఉంది. దిగువ వీధి అనే మాటే లేదు. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక నేను ఇంకోసారి పేజీలు తిప్పుతూ కూర్చున్నాను. ఆమెకు అర్థమైపోయింది.

"మనుషుల్ని లెక్కపెట్టడానికి మిషను పెట్టారు కదా. నిమిషాలు లెక్కపెట్టడానికి నేను తప్ప ఇంకెవరూ లేరు మాస్టారూ," అంది. కళ్లల్లో నీళ్లు తిరగలేదు. పళ్లు కొరుక్కుంటూ అంది.

మర్నాడు బడి తెరవకముందే వచ్చి సుద్దముక్కలు అడిగింది. డబ్బా తీసి ఇచ్చాను. కూడలిలో వెలిగే బోర్డు కింద గోడ మీద పెద్ద అక్షరాలతో రాసింది: 'నిన్న దిగువ వీధికి నీళ్లు: లేవు. మొన్న: లేవు. అటు మొన్న: ఇరవై అయిదు నిమిషాలు.' ఆ పైన ఎర్రటి అంకెలు ఎప్పటిలాగే పెరుగుతూ పోతున్నాయి. రోజూ పని ముగించుకుని తిరిగొస్తూ పాతది చెరిపి కొత్తది రాసేది. మా ఊరివాళ్లు ఓరకంట చూసి పోయేవాళ్లు. టూరిస్టులు మాత్రం ఆగి, చదివి, ఫోటోలు తీసుకునేవాళ్లు. మునిసిపాలిటీ మనిషి వచ్చి తుడిచేసేవాడు. ఆమె మళ్లీ రాసేది. సంజాయిషీ అడుగుతూ కాగితం ఇచ్చారు. రాసింది అబద్ధమైతే చెప్పండి, నేనే తుడిచేస్తాను అని జవాబు రాయించింది నాచేత.

అగ్గి ముందు అంటుకుంది ఆమె ఇంట్లోనే. ఒక ఆదివారం కూతురూ అల్లుడూ వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను, బడి గడియారం బాగుచేయించుకుందామని వెళ్లి ఇరుక్కుపోయాను. ఆ అత్తా అల్లుళ్లు ఎన్నడూ ఒకరితో ఒకరు నేరుగా ఎక్కువ మాట్లాడుకునేవాళ్లు కాదు. ఆమె అతన్ని బాబూ, మీరూ అంటుంది. ఏదైనా చెప్పాలంటే కూతురితో అంటుంది, అతను వింటాడు. ఆ రోజు అతను భార్య నోటితో చెప్పించడానికి ఆగలేదు.

"గదుల్లో దిగినవాళ్లు అడుగుతున్నారు అత్తయ్యా. మేం తొట్టిలో స్నానం చేస్తే కింద ఎవరికో నీళ్లు ఆగిపోతాయా అని. ఏం చెప్పమంటారు నన్ను?"

"అవునని చెప్పండి బాబూ."

అతని మొహం ఎర్రబడింది. వ్యాను నడుపుకునేవాణ్ణి, ఇవాళ నలుగురిలో తలెత్తుకుని తిరుగుతున్నాను, అది మీకు ఇష్టం లేదు అన్నాడు. నా గదులు మూసుకోమనేగా మీరనేది అన్నాడు. కూతురు అమ్మ చెయ్యి పట్టుకుని ఊరుకోమని సైగ చేసింది. నీళ్లక్క ఊరుకోలేదు కానీ గొంతు కూడా పెంచలేదు.

"మూసుకోమనలేదు. ఏడు గదులూ నిండితే మీరు పైకొచ్చినట్టు అనుకుంటున్నారు, చైర్మన్‌గారు పది లక్షలు నిండితే ఊరు పైకొచ్చినట్టు అనుకుంటున్నారు. మీ గదులు తుడిచే మనిషి మా వీధిలోదే బాబూ. నీళ్లు లేక ఆవిడా ఊరొదిలి పోతే ఆ దుప్పట్లు ఎవరు మారుస్తారు? ఎవరూ మిగలని ఊళ్లో మీరు ఒక్కరే ఏం పైకొస్తారు?"

అతను భోజనం చేయకుండానే లేచిపోయాడు. కూతురు గడపలో ఒక క్షణం నిలబడి, అటూ ఇటూ చూసి, అతని వెనకే వెళ్లింది. రెండు నెలలు ఆ గడప తొక్కలేదు. నీళ్లక్క ఆ రెండు నెలలూ అల్లుడి వీధి వాల్వు దగ్గర ఒక్క నిమిషం ఎక్కువా తిప్పలేదు, ఒక్క నిమిషం తక్కువా తిప్పలేదు. అది మాత్రం నేను చెప్పగలను, పుస్తకం నాకు చూపించింది.

ఇంతలో మునిసిపాలిటీ తెలివి చూపించింది. గోడకు రంగు వేయించి, ఎలక్ట్రిక్ బోర్డులోనే ఇంకో వరస పెట్టించింది: 'ఊరికి సగటున రోజుకు అయిదు గంటల నీళ్లు'. హోటళ్ల సంపులు నిండే గంటలూ మా కుళాయి బుసకొట్టే నిమిషాలూ కలిపి భాగించారన్నమాట. అది చూసి నీళ్లక్క కూడలిలోనే నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు చూసి నాకు భయమేసింది. కుట్టుమిషను పెద్దమ్మ కూడా అప్పుడే బజారుకు వచ్చి ఆ అంకె చదివింది. అయిదు గంటలా, ఎవడింట్లోనే అంది. అన్నేళ్లలో ఆవిడ నీళ్లక్క మీద కాక ఇంకొకరి మీద మండిపడటం అదే మొదటిసారి.

ఆ వారం కౌన్సిల్ మీటింగుకు మా వీధినుంచి ముప్పైమందిమి వెళ్లాం. ఇంజినీరు లేచి సగటు లెక్క సరైనదే అన్నాడు. నీళ్లక్క ఒక్కటే అడిగింది.

"సార్, హోటలు సంపులో పడిన గంటలు మా బకెట్లోకి ఎలా వస్తాయి?"

 ఒక కౌన్సిలర్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. వాదోపవాదాలు మూడు గంటలు సాగాక తీర్మానం చేశారు. సీజన్‌లో హోటళ్ల కంటే ముందు దిగువ వీధికి రోజు విడిచి రోజు గంట నీళ్లు ఇవ్వాలి. గొట్టాలకు బిగించిన మోటార్లు తీసేయాలి. మేం చప్పట్లు కొట్టాం. ఆ గంట ఆరు వారాలు నిజంగానే వచ్చింది. పెద్దమ్మ నీళ్లక్కను పిలిచి కూర్చోబెట్టి టీ ఇచ్చింది. క్షమించమని మాత్రం అడగలేదు, ఆవిడ స్వభావం అది కాదు.

ఆరు వారాలయ్యాక హోటళ్లకు ట్యాంకునుంచే విడిగా కొత్త లైను వేశారు. దాని వాల్వు తాళం వేసిన గదిలో ఉంది, తాళంచెవి ఇంజినీరు దగ్గరుంది. తీర్మానం తీర్మానంలాగే ఉంది. నీళ్లక్క పొద్దున్నే దిగువ వాల్వు పద్నాలుగు చుట్లూ తిప్పుతుంది, గంటసేపు తెరిచే ఉంచుతుంది. కానీ అరగంటకే గొట్టం ఉత్తిదైపోయి ఈలవేస్తుంది. పైన ట్యాంకులో మిగలట్లేదు. నలభై నిమిషాలు రావడం గగనమైపోయింది. ఇరవై అయిదు కంటే నయమే కదా అని నేనన్నాను. ఆమె నావైపు చూసిన చూపు చూసి ఆ మాట మళ్లీ అనలేదు.

కూతురు మాత్రం ఒకరోజు ఒంటరిగా వచ్చింది. వాళ్లింట్లో మూడు గదులు ఆపేశారట. అల్లుడు మనసు మార్చుకుని ఆపలేదు, దుప్పట్లు మార్చే మనిషి నిజంగానే ఊరొదిలి వెళ్లిపోతే ఏడు గదులూ నీళ్లక్క కూతురే ఒంటిచేత్తో ఊడ్చి, ఉతికి, నడుం పట్టేసి మంచాన పడింది. లేచాక ఇక నావల్ల కాదని మూడు గదులకు తాళం వేసి, తాళంచెవులు తన దగ్గరే పెట్టుకుంది. ఇప్పుడు ఒక్క రాత్రికని వచ్చేవాళ్లను ఒప్పుకోవట్లేదు, కనీసం మూడు రోజులు ఉండేవాళ్లకే ఇస్తున్నారు. వచ్చినవాళ్లు బజారులో తిరుగుతున్నారు, ఊరివాళ్లతో మాట్లాడుతున్నారు. పని సగమైంది, ఇల్లు గడవడానికి లోటు లేదు అంది. మరి మీ ఆయన ఏమంటున్నారని నీళ్లక్క అడిగింది. నలుగురూ గదులు మూతపడ్డాయని అంటుంటే తలకొట్టేసినట్టుందని రోజూ విసుక్కుంటాడట. నీళ్లు ఎంత వాడుతున్నామని మాత్రం ఒకసారి తనంతట తనే అడిగాడట.

నీళ్లక్కకు సంతోషమైందని అనుకుని ఆ సాయంత్రం నేను పలకరించాను. ఆమె విసురుగా, మూడు గదులు మాస్టారూ, కొండ మీద నాలుగు వందల గదులున్నాయి, అందరి పెళ్లాల నడుములూ పడిపోయేదాకా ఆగాలా అంది. 

ఈ ఏడాది లక్ష్యం పన్నెండు లక్షలని కూడలిలో బ్యానర్ కట్టారు. అది చూసిన రోజు నన్ను కాగితం తీసుకు రమ్మంది. కౌన్సిల్‌కు అర్జీ. తను చెబుతుంటే నేను రాశాను. ఎంతమంది వచ్చారో ప్రతి ఏడాదీ చెబుతున్నారు, ఎంతమంది వస్తే ఈ ఊరికి చాలో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఆ అంకె ఒకటి నిర్ణయించి నాకు చెప్పండి. దానికి తగ్గట్టు ఎవరి వంతు ఎంతో వాల్వు దగ్గర నేను చూసుకుంటాను. ఇంతే అర్జీ. రెండు వాక్యాలు మర్యాదగా కలుపుదామన్నాను. వద్దంది.

అర్జీ ఇచ్చి నాలుగు నెలలైంది. ముట్టినట్టు ముద్ర వేసి ఒక కాగితం ఇచ్చారు, అంతే. ప్రతి మీటింగుకూ వెళ్లి, మా అర్జీ ఏమైందని అడిగి వస్తోంది. పరిశీలనలో ఉందంటున్నారు. వచ్చే ఏడాది ఆమె రిటైరవుతుంది, అప్పటికి విసిగి ఊరుకుంటుందని వాళ్ల నమ్మకం. రిటైరయ్యాక నాకు పొద్దున్న పని కూడా ఉండదు, రోజూ వస్తాను అని నిన్ననే మునిసిపాలిటీ గుమాస్తాతో చెప్పి వచ్చిందట.